18446744073709551615: యూరియా నిల్వలో ఈ సంఖ్య ఎందుకొచ్చింది? ఇది ప్రధాన సంఖ్యేనా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఎరువుల దుకాణం నడుపుతున్న ఒకాయన అడిగారు. నిన్న సాయంత్రం నుంచి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో యూరియా నిల్వ ఎదురుగా 18446744073709551615 బస్తాలు అని కనబడుతోందట. ఇది వైరసా, ఆ సంఖ్యకు గణితంలో ఏమైనా అర్థముందా, ఇంజినీరింగ్ చదివే వాళ్లబ్బాయి "ఇది ప్రధాన సంఖ్య నాన్నా, అందుకే కంప్యూటర్లు వాడతాయి" అంటున్నాడు, నిజమేనా అని.

ముందు సూటిగా చెప్పేస్తాను. వైరస్ కాదు. ప్రధాన సంఖ్య అంతకన్నా కాదు. చివర 5 ఉందిగా, ఐదుతో పోతుంది. బాబుకి ఈ మాట కాస్త మెల్లగా చెప్పండి. ఆ సంఖ్య గాల్లోంచి ఊడిపడింది కాదు. 2ను 64 సార్లు వేసి గుణిస్తే వచ్చేదానికి సరిగ్గా ఒకటి తక్కువ, అంటే 2⁶⁴ − 1. మీ సాఫ్ట్‌వేర్ సున్నా బస్తాల్లోంచి ఒక బస్తా తీసింది. "మైనస్ ఒకటి" అని రాసుకోడానికి దానికి చోటివ్వలేదు. అందుకని ఇలా రాసింది.

నేను ఎమ్మెస్సీ గణితం చదివి పదకొండేళ్లు ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పాను. తర్వాత డేటాబేస్ పనిలోకి వచ్చి పద్నాలుగేళ్లయింది. ఈ సంఖ్య నాకు రెండు చోట్లా తగిలింది కాబట్టి కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

సున్నాలోంచి ఒకటి తీస్తే ఇంత ఎలా అవుతుంది?

పాత స్కూటర్ మీటర్ గుర్తు చేసుకోండి. అయిదు చక్రాలు, అన్నీ సున్నాల మీద ఉన్నాయి. దాన్ని ఒక్క కిలోమీటరు వెనక్కి తిప్పితే ఏం కనబడుతుంది? 99999. మీటర్‌కి మైనస్ గుర్తు లేదు, దాని తప్పేమీ లేదు. మీ కంప్యూటర్లో ఆ నిల్వ అనే గడికి 64 చక్రాలున్నాయి. ఒక్కో చక్రం మీద పది అంకెలు కాకుండా 0, 1 రెండే ఉంటాయి. అన్నీ సున్నాల దగ్గరుండగా ఒకటి వెనక్కి తిప్పితే అన్నీ 1 అవుతాయి. ఆ అరవై నాలుగు ఒకట్లను మన మామూలు అంకెల్లోకి మార్చి రాస్తే మీకు కనబడ్డ సంఖ్య వస్తుంది.

మనవైపు లెక్కలో చదవాలంటే కుడి నుంచి ఏడేసి అంకెలు విడగొట్టండి: 184467, 4407370, 9551615. అంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటి కోట్లు, 44 లక్షల 7 వేల 370 కోట్లు, ఆపైన 95 లక్షల 51 వేల 615. బస్తా 45 కిలోల లెక్కన అంత యూరియా మీ గోడౌన్‌లో ఉంటే దాని బరువు చంద్రుడి బరువులో దాదాపు తొంభయ్యో వంతు. ఖరీఫ్‌లో యూరియాకి లైన్లలో నిలబడే రైతుల కంట ఆ స్క్రీన్ పడనివ్వకండి.

గడి గడికీ రెట్టింపు

ఈ సంఖ్య కంప్యూటర్లకన్నా వెయ్యేళ్లు పెద్దది. చదరంగం కథ వినే ఉంటారు. ఆట కనిపెట్టినవాణ్ణి ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు. మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా అరవై నాలుగు గడులకీ రెట్టిస్తూ ఇస్తే చాలన్నాడు ఆయన. ఆ మొత్తం గింజలెన్నో, అచ్చంగా మీ స్క్రీన్ మీద ఉన్నది అన్నే.

ఎందుకంటారా? గుణశ్రేఢి సూత్రం అక్కర్లేదు. రాజుగారి పక్కన మీరు నిలబడి, అన్నిటికీ ముందు మీ జేబులోంచి ఒక్క గింజ అదనంగా వేశారనుకోండి. మీ 1, మొదటి గడి 1 కలిసి 2. అది రెండో గడి 2తో కలిసి 4. అది మూడో గడి 4తో కలిసి 8. అలా తోసుకుంటూ పోతే 64 గడులూ అయ్యేసరికి 2⁶⁴ అవుతుంది. మీ గింజ మీరు తీసేసుకోండి, 2⁶⁴ − 1. ఇంటర్ పిల్లలకు సూత్రం కన్నా ఈ జేబు గింజే బాగా ఎక్కేది.

గ్రాముకు యాభై బియ్యపు గింజలు అనుకుంటే ఆ మొత్తం సుమారు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిపి ఏడాదికి పండే బియ్యం 50 కోట్ల టన్నులకు కాస్త పైన. ఏడు వందల ఏళ్ల పంట, అటూ ఇటూ.

మధ్య ఆసియాలోని ఖ్వారెజ్మ్ ప్రాంతపు పండితుడు అల్‌బిరూనీ సుమారు క్రీ.శ. 1000లో రాసిన గ్రంథంలో ఈ సంఖ్యను చివరి అంకె దాకా తప్పు లేకుండా ఇచ్చాడు. తెలుగువాళ్లం మనం మాత్రం దీన్ని పద్యంలో దాచుకున్నాం. మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెనిగించిన పావులూరి మల్లనది అని చెప్పే చంపకమాల ఇలా మొదలవుతుంది:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

ఇవి వట్టి మాటలు కావు, అంకెలు. శర అంటే మన్మథుడి బాణాలు 5. శశి 1. షట్కం 6. చంద్రుడు 1. మళ్లీ శర 5, సాయకం కూడా బాణమే 5. రంధ్రాలు 9. వియత్తు ఆకాశం, సున్నా. నగం కొండ, 7. అగ్నులు 3. భూధరం ఇంకో కొండ, 7. గగనం సున్నా. అబ్ధి 4, వేదాలు 4, గిరి 7, తర్కాలు 6, పయోనిధి 4, పద్మజాస్యం అంటే బ్రహ్మ ముఖాలు 4. కుంజరం, దిగ్గజాలు 8. తుహినాంశుడు మళ్లీ చంద్రుడే, 1. అంకెల నడక కుడి నుంచి ఎడమకు కాబట్టి మొదటి మాట ఒకట్ల స్థానం. రాసుకుంటూ పోండి, మీ బస్తాల సంఖ్య వస్తుంది. ఇరవై అంకెలూ.

ఇందులో నాకు నచ్చే సంగతి చెప్పనా? ఒకటి మూడుసార్లు వస్తే ముగ్గురు చంద్రులూ మూడు పేర్లతో వచ్చారు. ఏడు మూడుసార్లు వస్తే కొండలకూ మూడు పేర్లు. అలంకారం మాట అలా ఉంచండి, గణం సరిపోవాలంటే ఆ చోట ఆ మాటే పడాలి. ఒక్క మాట జారినా చంపకమాల నడక విరుగుతుంది, చదివేవాడికి చెవిలోనే తెలిసిపోతుంది. అంకె పోకుండా ఛందస్సు కాపలా కాస్తుందన్నమాట.

పద్యంలో అంకె సరైనదేనని ఎలా తెలుస్తుంది?

ఒకసారి క్లాసులో ఈ పద్యం బోర్డు మీద రాస్తే వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు. "సార్, అబ్ధి అంటే సముద్రం కదా. సప్త సముద్రాలు. 7 వెయ్యాలి, మీరు 4 ఎందుకు వేశారు?" అన్నాడు. ప్రశ్న బంగారం లాంటిది. ఆ పరిభాషలో సముద్రాలు నాలుగు దిక్కుల లెక్కన 4గా కూడా చెల్లుతాయి. కానీ నేను చెప్పానని ఎందుకు నమ్మాలి వాడు? లెక్కనే అడగమన్నాను.

ఏ సంఖ్యనైనా 9తో భాగిస్తే వచ్చే శేషం, దాని అంకెల మొత్తాన్ని 9తో భాగిస్తే వచ్చే శేషం ఒకటే. మన సంఖ్య అంకెల మొత్తం 87, శేషం 6. ఇక అసలు 2⁶⁴ సంగతి చూద్దాం. 2⁶ అంటే 64, తొమ్మిదితో శేషం 1. కాబట్టి 2⁶⁰కీ శేషం 1. మిగిలింది 2⁴ = 16, శేషం 7. అందులోంచి ఒకటి తీస్తే 6. సరిపోయింది. అబ్ధికి 7 వేస్తే అంకెల మొత్తం 90 అవుతుంది, శేషం సున్నా. అబ్ధి, పయోనిధి రెండిటికీ 7 వేస్తే మొత్తం 93, శేషం 3. రెండూ తప్పు. సముద్రం నాలుగే అని పద్యం చెప్పకపోయినా లెక్క చెప్పింది.

ఒక జాగ్రత్త. తొమ్మిది పరీక్ష ఒక అంకె మారితే పట్టుకుంటుంది (0 బదులు 9, 9 బదులు 0 పడితే తప్ప) గానీ, పక్కపక్క అంకెలు తారుమారైతే పట్టుకోలేదు. దానికి పదకొండు పరీక్ష చేయాలి. కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కూడితే 62, మిగిలినవి కూడితే 25. తేడా 37, పదకొండుతో శేషం 4. అటు 2¹⁰ = 1024కి శేషం 1, కాబట్టి 2⁶⁴కి 2⁴ శేషం, అంటే 5. ఒకటి తీస్తే 4. ఇదీ సరిపోయింది. రెండు పరీక్షలూ నెగ్గితే సంఖ్య సరైనదని రుజువైనట్టు కాదు, మామూలుగా జరిగే పొరపాట్లు లేవని మాత్రం ధైర్యం వస్తుంది.

పూర్తిగా నమ్మకం కావాలంటే ఆరు గుణకారాలు చాలు: 2, 4, 16, 256, 65536, 4294967296, ప్రతిసారీ వచ్చినదాన్ని దానితోనే గుణించడం. చివరిది పది అంకెల్ని పది అంకెలతో. నేను ఓసారి ఆదివారం మధ్యాహ్నం చేత్తో చేశాను. రెండుసార్లు తప్పుపోయింది, మూడోసారి వచ్చింది.

ముక్కలు చేయడం

ఇప్పుడు మీ అబ్బాయి ప్రశ్న. ఇంత పెద్ద సంఖ్యకు కారణాంకాలు కనుక్కోవడం మామూలుగా కష్టమే. ఇది మాత్రం ఎనిమిదో తరగతి సూత్రంతో కొబ్బరికాయలా పగులుతుంది. వర్గాల తేడా అంటే మొత్తం ఇంటూ తేడా, అంతే. 2⁶⁴ ఒక వర్గం, 1 కూడా వర్గమే. కాబట్టి

2⁶⁴ − 1 = (2³² + 1) × (2³² − 1)

రెండో ముక్క మళ్లీ అదే రూపం. దాన్నీ విడగొట్టండి, దాని రెండో ముక్కనీ విడగొట్టండి. చివరికి

4294967297 × 65537 × 257 × 17 × 5 × 3

వస్తుంది. 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలే. మొదటిది?

ఇక్కడ గణిత చరిత్రలో పెద్ద మనిషి ఒకాయన బోల్తా పడ్డాడు. 1640 ప్రాంతంలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా ఈ వరస చూసి, ఇలా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని నమ్మాడు. 4294967297 కూడా అందులో ఉంది. దాదాపు తొంభై ఏళ్ల పాటు అది తేలలేదు. 1732లో స్విస్ గణితజ్ఞుడు ఆయిలర్ తేల్చాడు: అది 641 × 6700417.

641 ఎక్కడ దొరికింది? ఆయిలర్ గుడ్డిగా అన్నీ భాగించుకుంటూ పోలేదు. ఆ సంఖ్యకు ప్రధాన భాజకం ఏదైనా ఉంటే దాన్ని 64తో భాగించినప్పుడు శేషం 1 రావాలని ఆయన గమనించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదో దెబ్బకే పడింది. అది భాగిస్తుందని భాగహారం లేకుండా కూడా చూపించొచ్చు. 641 రెండు రకాలుగా విడుతుంది: 5 × 128 + 1, అలాగే 625 + 16. మొదటి రూపం ప్రకారం 5 × 2⁷ని 641తో భాగిస్తే శేషం −1 (నిశ్శేషంగా పోవడానికి ఒకటి తక్కువ). నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸కి శేషం +1. రెండో రూపం ప్రకారం 5⁴ బదులు −2⁴ వేసుకోవచ్చు. అప్పుడు −2³²కి శేషం 1, అంటే 2³² + 1ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. ఈ రుజువు చూసిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది. పాతికేళ్లయినా తగ్గలేదు.

కాబట్టి పూర్తి చీటీ ఇదీ:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాలేదు. ఒక్కోదాన్ని తీసుకోవచ్చు, వదిలేయొచ్చు, కాబట్టి మొత్తం భాజకాలు 2⁷ = 128. వర్గ సంఖ్య కాదు. ఏడిట్లో అయిదు, అంటే 3, 5, 17, 257, 65537, ఫెర్మా నమ్మకాన్ని నిలబెట్టినవి. ఆ రకం ప్రధాన సంఖ్యలు ఇప్పటికి తెలిసినవి ఆ అయిదే. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి పదిహేడు భుజాల క్రమ బహుభుజి గీయొచ్చని 1796లో జర్మన్ గణితజ్ఞుడు గౌస్ చూపించింది ఈ 17తోనే. ఆ అయిదిటినీ గుణిస్తే 4294967295. అది 32 చక్రాల మీటర్ నిండితే కనబడే సంఖ్య. మీది కాస్త పాత సాఫ్ట్‌వేర్ అయ్యుంటే బస్తాలు అన్నే చూపించేది.

మీ అబ్బాయి ఎందుకు ప్రధాన సంఖ్య అనుకున్నాడో నాకు తెలుసనుకుంటా. 2147483647 అని ఇంకో కంప్యూటర్ హద్దు ఉంది, 2³¹ − 1. అది నిజంగానే ప్రధాన సంఖ్య, 1772లో ఆ సంగతి రుజువు చేసినవాడూ ఆయిలరే. ఎక్కడో అది చదివి దీనికి అంటగట్టి ఉంటాడు. తేడా పై ఘాతంలో ఉంది. 31 ప్రధాన సంఖ్య, 64 కాదు. ఘాతం ముక్కలైతే సంఖ్యా ముక్కలవుతుంది. అలాగని ఘాతం ప్రధానమైతే సంఖ్య కూడా ప్రధానమేనని తిరగేయకండి. 2¹¹ − 1 = 2047 = 23 × 89. ఇంతకీ 64 చక్రాల మీటర్‌లో పట్టే అతి పెద్ద ప్రధాన సంఖ్య ఏదంటే 18446744073709551557. మీ సంఖ్యకి 58 తక్కువ.

ఇంకో చోట కూడా ఈ సంఖ్య ఉంది. హనోయ్ గోపురం ఆట. ఫ్రెంచి గణితజ్ఞుడు ఎడువార్ ల్యూకా 1883లో బయటపెట్టాడు. కాశీ గుడిలో అరవై నాలుగు బంగారు బిళ్లల్ని, ఒక్కసారికి ఒక్కటే చొప్పున, చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా, మూడు కడ్డీల్లో ఒకదాని నుంచి ఇంకోదానికి మారుస్తున్నారని దానికో కథ అల్లారు. కావలసిన కదలికలు 2⁶⁴ − 1. సెకనుకొకటి చొప్పున కదిపినా సుమారు 58,450 కోట్ల ఏళ్లు.

నేను దెబ్బ తిన్న వైనం

ఇదే సమస్య నాకు ఒక మందుల హోల్‌సేల్ గోడౌన్ సాఫ్ట్‌వేర్‌లో వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఫోన్, నిల్వ రిపోర్టులో ఏదో పిచ్చి సంఖ్య వస్తోందని. వాళ్లు పంపింది ఎక్సెల్ ఫైలు. అందులో నాకు కనబడింది 18446744073709500000. చివర అయిదు సున్నాలున్నాయి కదా, ఎవరో ధరని తీసుకెళ్లి నిల్వ కాలమ్‌లో వేశారని ధరల పట్టికలన్నీ తిరగేస్తూ కూర్చున్నాను. రెండు గంటలు. ఎక్సెల్ పదిహేను అంకెల దాకానే నమ్మకంగా ఉంచుతుంది, మిగిలినవి సున్నాలు చేస్తుంది. ఆ సంగతి నాకు తెలియక కాదు, ఆ క్షణాన తట్టలేదు. పదకొండేళ్లు పిల్లలకు పద్యం చెప్పి, మొదటి పదిహేను అంకెలూ కళ్లెదురుగా ఉన్నా పోల్చుకోలేకపోయాను. జావాస్క్రిప్ట్‌లో రాసిన వెబ్ పేజీ అయితే ఇంకో వేషంలో, 18446744073709552000గా చూపిస్తుంది. ఫోన్ కాలిక్యులేటర్ల సంగతి సరేసరి. పెద్ద సంఖ్య చివర సున్నాల వరస కనబడితే, అది అసలు విలువో గుండ్రం చేసిందో ముందు తేల్చుకోండి.

మీరు అసలు సంఖ్యను ఇరవై అంకెలతో పంపారు కాబట్టి నాకు పని తేలికైంది. చివర 615 చూడగానే ఒక్క బస్తా తేడా అని చెప్పగలిగాను. అదే 614 ఉంటే రెండు బస్తాలు, 606 ఉంటే పది. ఎన్ని బస్తాలు కిందికి పోయిందో తెలియాలంటే 616 లోంచి చివరి మూడంకెలు తీసేయండి.

ఇక మీరు చేయాల్సింది. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోన్ చేసి నిల్వ గడిని రుణ సంఖ్యలు కూడా పట్టే రకానికి మార్చమనండి, లేదా నిల్వ కన్నా ఎక్కువ అమ్మకం ఎక్కిస్తే బిల్లు ఆగిపోయేలా చేయమనండి. రెండోదే మంచిదని నా అభిప్రాయం. కానీ సరుకు ముందు దిగి, ఎంట్రీ రాత్రికి చేసే అలవాటున్న దుకాణాల్లో దాంతో గొడవే. మీ అలవాటేదో మీకే తెలుసు. నిల్వ గడిలో చేత్తో సున్నా వేసేసి ఊరుకోకండి. అలా చేస్తే తేడా ఎక్కడొచ్చిందో ఆనవాలు పోతుంది. నిన్న మధ్యాహ్నం నుంచి కొట్టిన యూరియా బిల్లులు వరసగా చూడండి. ఒకటి రెండుసార్లు ఎక్కి ఉంటుంది, లేదా వచ్చిన లోడులో ఒక బస్తా తక్కువ రాసుకుని ఉంటారు.